మైకాయన కొట్టేసిన మాటలు

మైకాయన పోయాడని నాకు వికారాబాద్‌లో తెలిసింది. ఎలా పోయాడో అదే ఫోనులో మూడు రకాలుగా తెలిసింది.

ఫోను చేసింది తాండూరు గుమాస్తా. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్లయినా ఊళ్లో అందరికీ ఆయన ఇంకా గుమాస్తా సారే. బస్టాండు ఎదుటి హోటల్లో పొద్దుటి చాయ్ నుంచి సాయంత్రం చాయ్ దాకా ఒకే కుర్చీలో కూర్చుని, జిల్లాలో ఏ నేరం జరిగినా పోలీసులకన్నా ముందే తేల్చేస్తుంటాడు. ఆయన తేల్చినట్టుగా ఇంతవరకూ ఒక్క కేసూ తేలలేదు. అది పోలీసుల లోపమని ఆయన అభిప్రాయం.

"గుండెపోటు అంటున్రు సారూ. నాకైతే నమ్మబుద్ధయితలేదు," అన్నాడు. "అల్లునితోని లొల్లి అయిందట. దవాఖానల సూది తప్పు పడ్డదని ఒకరన్నరు. ఇంకోటి గూడ ఉన్నది, ఫోన్ల చెప్పేది గాదు."

"మీరు పోయి చూసొచ్చిన్రా?"

"ఏడ? ఇంక పోలే. హోటల్లనే ఉన్న."

ఫోను పెట్టేశాక నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. ఈ మూడు కారణాలనూ కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే మైకాయన చెవి మీది పెన్సిల్ తీసి మూడింటి మీదా అడ్డంగా గీత గీసేవాడు.

ఆయన పేరు మీకు చెప్పను. తాండూరులో చాలామందికి తెలియదు కూడా. అందరికీ ఆయన మైకాయన. బస్టాండు వెనుక సందులో చిన్న దుకాణం, లోపల ఆంప్లిఫయర్లు, వైర్ల చుట్టలు, గోడకు వేలాడే ఇత్తడి రంగు హారన్లు. నాపరాయి పాలిష్ దుమ్ము మా ఊళ్లో ఏ వస్తువునూ వదలదు. ఇడ్లీ మీద కూడా సన్నగా పడుతుంది. ఆయన హారన్ల మీద మాత్రం పడేది కాదు. పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కొక్క హారన్‌నూ చంటిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచేవాడు. ఆ తర్వాత రెండు హారన్లు ఆటో మీద కట్టుకుని బయలుదేరేవాడు. నీళ్లు రావని, కరెంటు ఉండదని, పోలియో చుక్కలు వేయించాలని, ఫలానావారు కాలం చేశారని చెప్పేవాడు. అన్నీ ఒకే గొంతుతో. చావుకు గొంతు తగ్గించడు, పెళ్లికి పెంచడు. మైకుకు చేతిరుమాలు చుట్టి, దాన్ని పెదాలకు ఆనించి, తూకం వేసినట్టు మాట్లాడేవాడు.

కాగితం లేకుండా చదవడు. అదొక నియమం. మీరు రాసి తేవాలి. తెచ్చిన కాగితాన్ని మీ ముందే చదివి, పెన్సిల్ తీసి, ప్రతి వాక్యం దగ్గరా ఒకే ప్రశ్న వేస్తాడు.

"ఇది చూసినవా, ఇన్నవా?"

చూశానంటే ఉంచుతాడు. విన్నానంటే కొట్టేస్తాడు. ఒకసారి ఒక రైతు ఎద్దు పోయిందని వచ్చాడు. "దొంగలు ఎత్తుకుపోయిన ఎద్దు" అని రాయించుకొచ్చాడు.

"దొంగలను చూసినవా?"

"చూస్తే పోనిస్తనా?"

"మరి ఎద్దు కనిపిస్తలేదు అని చదువుత."

"నా ఎద్దును దొంగలే కొట్టేసిన్రు!"

"అయితే దొంగలనే దేవులాడుకో. నేనైతే ఎద్దును దేవులాడుత."

ఎద్దు రెండు రోజుల తర్వాత పక్క ఊరి కంది చేనులో దొరికింది. దొంగలు ఇంకా దొరకలేదు.

ఎన్నికలప్పుడు ఒక నాయకుడి మనుషులు వచ్చారు. "ప్రజల ఆశాజ్యోతి" అన్న మాట దగ్గర పెన్సిల్ ఆగింది. "చూసినవా?" అని అడిగాడు. వాళ్లకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బేరం వేరే మైకుకు వెళ్లిపోయింది. ఈయన ఆ ఎన్నికలంతా దుకాణంలో కూర్చుని హారన్లు తుడుచుకున్నాడు.

నాకూ ఒక దెబ్బ తగిలింది. అప్పుడు నేను తాండూరులో బడిపంతులును. పిల్లల్ని చేర్పించమని ఊళ్లలో చెప్పించడానికి కాగితం రాసుకెళ్లాను. "అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులచే అత్యుత్తమ విద్యాబోధన" అని రాశాను. ఆయన చదివి, నా మొహం చూసి, అత్యుత్తమ మీద గీత గీశాడు. కాసేపు ఆలోచించి విద్యాబోధన మీద కూడా గీశాడు. చివరికి మిగిలింది: "బడి ఉంది. సార్లు ఉన్నరు. పిల్లలను పంపాలె." ఇద్దరు కొత్తగా చేరారు గానీ ఆ అవమానం నాలో అలాగే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ తీర్చుకున్నానో చెప్పడానికే ఇదంతా.

ఆరేళ్ల కిందట ఒక మంగళవారం తాండూరు ఆటో అడ్డా దగ్గర ఏడేళ్ల పిల్ల తప్పిపోయింది. తల్లి పెద్దేముల్ దిక్కు పల్లెటూరి మనిషి. రోజూ తాండూరు వచ్చి నాపరాళ్ల పాలిష్ కార్ఖానాలో కూలి చేసేది. భర్త పూణెలో తాపీ పని. ఆ రోజు పిల్లకు బడి లేక వెంట తెచ్చుకుంది. మధ్యాహ్నం తిరిగి వెళ్లేటప్పుడు "ఆటోల కూసో, జరం గోలీలు తీస్కొని వస్త" అని చెప్పి మందుల దుకాణానికి వెళ్లింది. వచ్చేసరికి పెద్దేముల్ ఆటో ఉంది, పిల్ల లేదు.

తల్లి స్టేషన్‌కు వెళ్లి చెప్పింది. పోలీసులు వెతకడం మొదలుపెట్టారు. మేము తేల్చడం మొదలుపెట్టాం.

గుమాస్తా సాయంత్రం చాయ్ లోపే నాలుగు కారణాలు కనిపెట్టాడు. మొదటిది, పాడుబడ్డ నాపరాయి గనుల్లో గుప్తనిధి కోసం బలి. నాపరాయి తప్ప చీమ కూడా దొరకని ఆ గనుల్లో నిధి ఎవరు దాచారని ఒక్కరమూ అడగలేదు. రెండోది, తెల్ల వ్యానులో తిరిగే ముఠా. మూడోది, పూణెలో ఉన్న తండ్రి. "పూణెలనే ఎందుకున్నడు? గది ఆలోచించున్రి," అన్నాడు. పూణెలో తాపీ పని ఎక్కువ కాబట్టి అని నాకు తోచింది. కానీ అది మరీ చప్పగా ఉంది. నాలుగోది తల్లి.

ఈ నాలుగోది ఊరికి బాగా నచ్చింది. బుధవారం పొద్దున యూట్యూబ్ చానల్ నడిపే ఒకతను కార్ఖానా గేటు దగ్గర ఆమెను పట్టుకుని, ఫోను మొహం మీద పెట్టి, "మీరు ఏడుస్తలేరు, ఎందుకమ్మా?" అని అడిగాడు. ఆమె ఆ ఫోనును వింతగా చూసి, "పిల్లను దేవులాడాలె, తొవ్వ ఇడువున్రి," అంది. గంటలో ఆ వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. పైన ఎర్ర అక్షరాలతో "తల్లి కంట తడి లేదు... అసలు కారణం ఇదేనా?" అని. అసలు కారణం ఏడవడానికి ఆమెకు తీరిక లేకపోవడం. అది ఎర్ర అక్షరాల్లో పట్టదు.

ఊళ్లో ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. మన తాండూరు, మన బాధ్యత అని పేరు. అడ్మిన్‌ను నేను. ఆ బాధ్యతను నేను చాలా గట్టిగా తీసుకున్నాను. తల్లి దగ్గర పిల్ల ఫోటో అంటే ఆధార్ కార్డు మీదిదే. అందులో ఏడాది పిల్ల, అదీ మసగ్గా ఉంది. ఇలా ఉంటే జనం ఎలా గుర్తుపడతారని గ్రూపులో ఎవరో "ఇదే ఆ పాప" అంటూ ఒక స్పష్టమైన ఫోటో పెట్టారు. నాలుగేళ్ల పిల్ల, ఎర్ర గౌను, చక్కగా నవ్వుతోంది. ఎవరి పిల్లో, ఏ రాష్ట్రం పిల్లో ఇప్పటికీ తెలియదు. బాగుంది కదా అని నేను దాన్ని గ్రూపు పైన అతికించాను. "ప్రతి గ్రూపుకూ పంపండి" అని కింద రాశాను. జనం నా మాట విన్నారు.

మైకాయన ఏం చేశాడంటే, మంగళవారం సాయంత్రమే తల్లి దగ్గరికి వెళ్లాడు. భర్త ఎక్కడున్నాడని అడగలేదు. పిల్ల ఏం తొడుక్కుంది, కాళ్లకు ఏముంది అని అడిగాడు. చివరికి "ఇంట్ల ఏమని పిలుస్తవు?" అన్నాడు. ఆమె చెప్పింది విని కాగితం మీద రాసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి ఆటో ఊళ్లెంట తిరిగింది.

"ఏడేండ్ల ఆడపిల్ల. మంగళవారం పగటిపూట తాండూరు ఆటో అడ్డా కాడ తప్పిపోయింది. పచ్చ లంగ, తెల్ల అంగీ. కుడి కాలికి పట్టీ ఉంది, ఎడమ కాలికి లేదు. ఇంట్ల ముసలవ్వ అని పిలుస్తరు. చూసినోళ్లు పోలీస్ స్టేషన్ల చెప్పాలె."

ఆ పిల్ల పెద్దవాళ్లలా మాట్లాడుతుందని ఇంట్లో ముసలవ్వ అని పేరు పెట్టారట. ఊళ్లో పడీపడీ నవ్వారు. బుధవారం మధ్యాహ్నానికి గ్రూపులో కొత్త కబురు వచ్చింది: పాపతో పాటు ఒక ముసలవ్వ కూడా మాయమైంది. సాయంత్రానికి ముసలవ్వ వయసు డెబ్బై ఐదు అని కూడా తేలింది.

ఆ మధ్యాహ్నమే మైకాయన హోటల్‌కు వచ్చి, నిలబడే చాయ్ సాసర్లో పోసుకున్నాడు. గుమాస్తా, నేను, ఇంకో ఇద్దరు పరిశోధకులం అక్కడే ఉన్నాం.

"ఊరూరు తిరుగుతున్నవు. నీకేమనిపిస్తుందే?" అన్నాడు గుమాస్తా.

"నాకు ఎర్కలేదు."

"ఎర్కలేకపోతె లేకపాయె. అనుమానమన్న ఉంటది గదా?"

"అనుమానాన్ని నేనేం చేసుకోను సారూ? మైకుల చదువరాదు."

సాసర్ పెట్టేసి వెళ్లిపోయాడు. మా నలుగురికీ ఒకేసారి చెంప మీద కొట్టినట్టయింది. గుమాస్తా తేరుకుని నా వైపు వంగాడు.

"చూసిన్రా, ఎట్ల జారుకున్నడో? నిజంగ ఎర్కలేనోడు ఎర్కలేదని గంత గట్టిగ అంటడా?"

ఇప్పుడు చెబుతుంటే పిచ్చిగా ఉంది గానీ, ఆ క్షణాన ఆ తర్కం నాకు అద్భుతంగా తోచింది. అత్యుత్తమ మీద పడ్డ పెన్సిల్ గీత కూడా గుర్తొచ్చిందేమో. ఫోను తీసి గ్రూపులో రాశాను: "మంగళవారం మధ్యాహ్నం మైకు ఆటో అడ్డా దగ్గరే ఆగి ఉండటం నేను కళ్లారా చూశాను. ఆలోచించవలసిన విషయం."

ఒక్క అబద్ధం కూడా లేదు చూడండి. ఆటో అక్కడే ఉంది. ఆ వేళకు అది రోజూ అక్కడే ఉంటుంది.

ఆ సాయంత్రం పెద్దేముల్ తొవ్వలో ఒక ఊళ్లో పదిమంది ఆటోను ఆపి, "పిల్ల ఏడ?" అని అడిగారు. ఎర్కలేదన్నాడు. అది వాళ్లకు చాలదు. ఒక హారన్‌ను రాళ్లతో కొట్టి, హారన్ అనడానికి లేకుండా సొట్టలు చేశారు. ఆయన మూతి పగిలింది. వాళ్లలో ఒకరు అదంతా వీడియో తీసి మా గ్రూపులోనే పెట్టారు. కింద చప్పట్ల బొమ్మలు వచ్చాయి. నేను పెట్టలేదు. తీసేయనూ లేదు.

గురువారం పొద్దున నేను హాజరు తీసుకుంటుంటే బడి గేటు దగ్గర ఆటో ఆగింది. మైకాయన దిగి వచ్చాడు. కింది పెదవికి కుట్లు, మూతి ఒక పక్కకు ఉబ్బి ఉంది. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. కొట్టడానికైనా సిద్ధపడ్డాను. ఆయన కాగితం చాచాడు.

"మూతి వాచింది సారూ. మాట మంచిగ వస్తలేదు. నువ్వు చదువు."

"నేనా?"

"పిల్లలకు చెప్పి చెప్పి నీ గొంతు లేశింది. దూరం ఇనపడుతది. ఇయ్యాల దౌల్తాబాద్ దిక్కు పోవాలె."

"అటు దిక్కు వాట్సాప్‌లో అందరికీ పోయింది గదా అన్నా?"

"ఊర్లల్ల ఫోన్లున్నయ్ సారూ. గొర్ల మందల కాడ లేవు. మందలకాడికి పోదాం."

సెలవు చీటీ రాసి ఎక్కాను. వెనుక సీట్లో పిల్ల తల్లి ఉంది. ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా. నన్ను చూసి కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది. ఆ డబ్బాలో ఏముందని అడిగాను. "అన్నం. దొరికినంక ఆకలంటది గదా," అంది. నిన్న కూడా వండి పట్టుకెళ్లి, అలాగే తిరిగి తెచ్చిందట. కంట తడి లేని తల్లి అంటే ఈమే.

తాండూరు దాటాక మిగిలిన ఒక్క హారన్‌తో మొదలుపెట్టాను. రెండు ఊళ్లు కాగితం ప్రకారమే చదివాను. మూడో ఊళ్లో నా లోపలి పంతులు ఊరుకోలేదు. "దయగల మహాజనులారా! కన్నతల్లి కడుపుకోతను..." అన్నానో లేదో మైకు చచ్చిపోయింది. ముందు కూర్చుని నడుపుతున్న ఆయన వెనక్కి చేయి చాపి ఆంప్లిఫయర్ ఆపేశాడు.

"గది కాయితంల లేదు."

"కానీ అన్నా, జనానికి జాలి కలగాలి కదా?"

"జాలి కలిగితె నీళ్లు పెట్టుకుంట ఈడనే నిలవడతరు. పచ్చ లంగ అంటె నాలుగు దిక్కులు చూస్తరు. లంగ సంగతి చెప్పు."

లంగా సంగతే చెప్పాను. ఎండ పెరిగింది. ఊళ్లు వదిలి, కంది చేల మధ్య బండ్ల బాటలు పట్టాం. మందలు కనిపించిన చోటల్లా ఆగడం, చదవడం, కాపరులను అడగడం. గొంతు బొంగురు పోయింది. నాలుగో మందో ఐదో మందో, నేను "ఇంట్ల ముసలవ్వ అని పిలుస్తరు" అనేసరికి తుమ్మ కంప దొడ్డి వెనుక నుంచి ఒక పిల్ల లేచి నిలబడింది. పచ్చ లంగా. నడుం మీద చేతులు పెట్టుకుని ఆటో వైపు చూసింది.

తల్లి ఆటో ఆగకముందే దూకింది. పడింది, లేచింది, పరుగెత్తింది. పిల్ల పరుగెత్తలేదు. తల్లి దగ్గరికి వచ్చేదాకా ఆగి, గట్టిగా కసిరింది.

"ఏ ఆటో ఎక్కినవే నువ్వు? నిన్ను ఎంతగనం దేవులాడాలె?"

తప్పిపోయింది తల్లేనని ఆ పిల్ల నమ్మకం. తల్లి అప్పుడు ఏడ్చింది. అక్కడ ఎవరి దగ్గరా ఫోను బయట లేదు.

పిల్ల వెనుక ఒక ముసలి కాపరి వచ్చింది. రెండు చేతులూ జోడించి, "నాను కద్దిల్ల, నాను కద్దిల్ల," అంటోంది. సరిహద్దు అవతలి మనిషి, కన్నడం. నేను దొంగిలించలేదు అని. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు, అయినా అదే మాట. మైకాయన వెళ్లి ఆమె చేతులు పట్టుకుని కిందికి దించి, వచ్చీరాని కన్నడంలో నెమ్మదిగా మాట్లాడి సంగతి రాబట్టాడు.

సంగతి ఇంతే. పిల్ల పెద్దేముల్ ఆటో అనుకుని దౌల్తాబాద్ దిక్కు పోయే ఆటో ఎక్కింది. బస్తాల వెనుక కూర్చుంది. నిద్ర పట్టింది. నిండా జనం ఉన్న ఆటో కాబట్టి ప్రతివారూ వేరేవాళ్ల పిల్ల అనుకున్నారు. అందరూ దిగిన చోట దిగి, అమ్మ కోసం నడిచింది. చేలల్లో ఏడుస్తుంటే ఈమె చూసి మంద దగ్గరికి తెచ్చుకుంది. మర్నాడే దగ్గరి ఊళ్లోకి తీసుకెళ్లింది కూడా. అక్కడివాళ్లు ఫోన్లు తీసి పోల్చి చూశారు. ఫోన్లో పిల్లకు నాలుగేళ్లు, ఎర్ర గౌను. ఈ పిల్లకు ఏడేళ్లు, పచ్చ లంగా. "ఈ పిల్ల గా పిల్ల కాదు" అని తేల్చారు. పైగా, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందట, ఈ పిల్లతో బయట కనిపిస్తే నిన్నే కొడతారని భయపెట్టి పంపారు. దాంతో ఆమె పిల్లకు గొర్రె పాలు తాగిస్తూ, దొడ్డి దాటకుండా దాచుకుని కూర్చుంది.

రెండు రోజులు పిల్ల ఇంటికి చేరకుండా ఆపిన ముఠా నిజంగానే ఒకటి ఉంది. దానికి అడ్మిన్‌ను నేను.

పిల్ల డబ్బా మూత తీసి, "ఏం కూర?" అని అడిగింది. వంకాయ అని చెబితే మొహం చిట్లించి, మొత్తం తినేసింది. ముసలమ్మకూ రెండు ముద్దలు పెట్టింది.

తిరుగు ప్రయాణంలో నేను చేసిన పని చెప్పాలి. తాండూరు పొలిమేరలో జనం గుంపుగా కనిపించారు. కబురు ముందే చేరినట్టుంది. నిన్న మైకాయన మూతి పగలగొట్టిన ముఖాలు అందులో ఉంటాయేమో అనిపించింది. ఆ ఆటోలో నన్ను చూస్తే ఏమనుకుంటారో అనిపించింది. "బడిలో పని ఉంది, ఇక్కడ దిగుతాను," అన్నాను. ఆయన ఆటో ఆపాడు. నేను సందులో నుంచి ఇంటికి వెళ్లిపోయాను. ఆటో స్టేషన్‌కు వెళ్లింది.

మర్నాడు హోటల్లో రెండు మాటలు వినిపించాయి. ఒకటి, పిల్ల మందల దగ్గరే ఉంటుందని గుమాస్తా మొదటి రోజే చెప్పాడు. రెండు, పోలీసులకే దొరకని పిల్ల ఒక్క హారన్ ఉన్న ఆటోకు ఎలా దొరికింది? "దాచినోనికే ఎర్కుంటది ఏడ దాచిండో," అన్నాడు గుమాస్తా. ఇద్దరు ముగ్గురు అర్జీ కూడా రాశారు. ఎస్సై మైకాయనను పిలిపించి, అర్జీ చూపించి, చాయ్ తాగించి పంపాడట. కానీ అర్జీ సంగతి అందరికీ తెలిసింది, చాయ్ సంగతి ఎవరికీ తెలియలేదు. పెళ్లిళ్లవాళ్లు వేరే మైకులు చూసుకున్నారు. పిల్ల తల్లి కార్ఖానాలో అందరికీ చెప్పిందట, బడి సారు మైకులో చదివాడని. ఆమె మాట ఎవరు వింటారు?

నేను నెల రోజులకు ధైర్యం చేసి దుకాణానికి వెళ్లాను. ఆయన సొట్టల హారన్‌ను సుత్తితో నెమ్మదిగా కొడుతూ గుండ్రంగా చేసుకుంటున్నాడు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"అన్నా, గ్రూపులో నీ ఆటో గురించి రాసింది నేనే," అన్నాను.

"ఎర్కే."

"బడికి వచ్చిన రోజు కూడా తెలుసా?"

"గా రోజు గూడ ఎర్కే. నువ్వు రాసింది నిజమే గద సారూ. నా ఆటో ఆడనే ఉండె. నువ్వు చూసినవ్." రెండు దెబ్బలు కొట్టి, హారన్‌ను వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు. "దాని కింద ఆలోచించవలసిన విషయం అని రాస్తివట. మరి ఆలోచించినవా?"

వెటకారం లేదు. ఎద్దు పోయిన రైతును అడిగినట్టే అడిగాడు, జవాబు కోసం నా మొహం చూశాడు.

"ఆ రోజు నేను నీతో ఉన్నానని గ్రూపులో రాస్తాను," అన్నాను చివరికి.

"రాస్తె రాయి," అని మళ్లీ సుత్తి అందుకున్నాడు.

రాస్తానని చెప్పినందుకే గుండె తేలికైపోయింది. ఆ తేలికలో రాయడం మర్చిపోయాను. తర్వాత వికారాబాద్‌కు బదిలీ అయింది. ఆరేళ్లు గడిచాయి.

ఫోను వచ్చిన మర్నాడు రైలెక్కి తాండూరు వెళ్లాను. ఇంటి ముందు షామియానా వేశారు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, అడగకుండానే చెప్పింది. "పొద్దుగాల హారన్లు తుడుస్తుండె సారూ. రొమ్ముల నొస్తుంది అన్నడు. దవాఖాన కాడికి పోయెటాలకే పాణం పోయింది." అల్లుడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

గుమాస్తా అప్పటికే వచ్చి నీడలో కుర్చీ పట్టాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చేపోయేవాళ్లను వివరిస్తున్నాడు. కాసేపటికి పెద్దేముల్ ఆటోలో ఆ తల్లీ పిల్లా దిగారు. తల్లి జుట్టు నెరిసింది. పిల్లకు ఇప్పుడు పదమూడేళ్లు, పొడుగ్గా ఉంది. ఇద్దరూ లోపలికి వెళ్లి కాసేపుండి, బయటకు వచ్చి, ఎవరూ చెప్పకుండానే అంట్లు తోమేవాళ్ల పక్కన కూర్చున్నారు. గుమాస్తా ఆగలేకపోయాడు.

"ఏ పోరీ, ఇట్ల రా. గప్పుడు తప్పిపోయింది నువ్వే గద? ఇప్పుడు పెద్దగైనవు. ఇగ చెప్పు, అసలు గా రోజు ఏమైంది?"

పిల్ల గిన్నె తోముతూనే తలెత్తి చూసింది. "ఆటోల నిద్ర పట్టింది తాతా."

"గంతేనా?"

"గంతే."

ఆయన మొహంలో ఆరేళ్ల ఎదురుచూపు అంతా కుప్పకూలింది. నా చెవి దగ్గరికి వంగాడు. "ఏదో దాస్తున్నది సారూ. ఎవరో మంచిగ నేర్పి పెట్టిన్రు."

లోపల ఆయన భార్య ఏడుపు మళ్లీ మొదలైంది. ఆరేళ్ల కిందట ఆటో దిగిపోయిన ఆ పొలిమేరలోనే ఇంకా నిలబడి ఉన్నట్టనిపించింది. కుర్చీలోంచి లేచాను. షామియానా కింద పదిహేను మంది దాకా ఉన్నారు. పిల్లలకు చెప్పి చెప్పి లేచిన గొంతుతోనే అందరికీ వినిపించేలా చెప్పాను.

"పిల్ల చెప్పింది నిజం. మైకాయన ఎక్కడా ఎవరినీ దాచలేదు. ఆ రోజు ఆటోలో నేనున్నాను. మైకులో చదివింది నేనే. పిల్ల దొడ్డి వెనుక నుంచి లేచి రావడం నా కళ్లతో చూశాను."

అంట్ల దగ్గర పిల్ల తల్లి నా వైపు చూసి తల ఊపింది. గుమాస్తా కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుని, కింది నుంచి పై దాకా నన్ను కొత్తగా చూశాడు. ఆయన కళ్లలో మళ్లీ వెలుగు వచ్చింది.

"నువ్వు ఉంటివా?" అన్నాడు. "ఆరేండ్ల సంది చెప్పకపోతివి? మరి పిల్ల గాడ ఉన్నదని నీకెట్ల ఎర్క సారూ?"